జేబులో దొరికినది

పెద్ద వరద వచ్చి పోయిన మూడో ఏడు. ఆ ఏడు వానలు మామూలుగానే పడ్డాయి గానీ, చినుకు రాలితే చాలు, జనం ఇంకా గుమ్మంలో నిలబడి వీధి వంక చూసేవాళ్ళు. నీళ్ళు ఎంతదాకా వచ్చాయని అడిగితే ఎవరైనా నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తారు. లాండ్రీ మావయ్య మాత్రం గోడ చూపించేవాడు. గోడ మీద మట్టి గీత ఒకటి అలాగే ఉంచాడు. రంగులు వేయించినా ఆ గీత జోలికి వెళ్ళనివ్వలేదు.

ఆ వరదలో లాండ్రీలోని బట్టలన్నీ మునిగిపోయాయి. కాగితం చీటీలు కొట్టుకుపోయాయి. రసీదు పుస్తకం ముద్దయింది. మిగిలింది కాలరు లోపల మార్కింగు సిరాతో రాసిన నంబర్లొక్కటే. ఆ సిరా ఉతికితే పోదు, ఉడకబెట్టినా పోదు, ఇస్త్రీపెట్టె కింద ఇంకా ముదురుతుంది. మావయ్యా అత్తయ్యా నెల రోజులు కూర్చుని ఆ బురద బట్టలన్నీ మళ్ళీ ఉతికి, నంబరు చూసి, ఊళ్ళో ఉన్నవాళ్ళందరికీ ఎవరివి వాళ్ళ గుమ్మంలో ఇచ్చి వచ్చారు. ఒక్క చేతిరుమాలు కూడా తప్పిపోలేదు.

అప్పుడు పది రోజులు సాయం చేసి వెళ్దామని వచ్చిన మేనల్లుడు ఇంకా వెళ్ళలేదు.

డిగ్రీ చదివాడు. ఉద్యోగం చూసుకుంటానంటూనే మడతలు పెట్టడం నేర్చుకున్నాడు. అతను మడత పెట్టిన చొక్కా ఊరంతా తిరిగొచ్చినా నలగదని పేరొచ్చింది. దాంతో అందరూ అతన్ని మడత అనేవాళ్ళు. మొదట్లో ఉడుక్కున్నాడు. తర్వాత పలకడం మొదలెట్టాడు.

లాండ్రీలో పేర్లతో పని లేదు. ఇంటికో నంబరు. తాత కోటుకీ మనవడి నిక్కరుకీ ఒకటే నంబరు. ఆ ఇంటికి కొత్తగా కోడలొచ్చినా, అల్లుడొచ్చినా వాళ్ళ బట్టలకీ అదే. అత్తయ్య మాటలు వింటే కొత్తవాళ్ళకి మతి పోయేది.

"పదిహేడుకి జలుబట. తొంభై మూడు మొగుడూపెళ్ళాలకి మళ్ళీ మాటల్లేవు కాబోలు, బట్టలు వేరువేరు సంచుల్లో పంపారు."

ఈ కథ నలభై ఒకటిది.

నలభై ఒకటి అంటే ఒక అమ్మా, ఒక కూతురూ. కూతురు మందుల గోడౌనులో పని చేసేది. ఏ పెట్టె వచ్చింది, ఏ పెట్టె వెళ్ళింది చూసే ఉద్యోగం. వాళ్ళ అమ్మ వేసుకునే బూడిదరంగు కోటు ఒకటి ఆ వరదలో మునిగి, బాగుపడి, ఇల్లు చేరింది. అదే ఇప్పుడు కూతురు వేసుకుంటోంది. భుజాల దగ్గర కొంచెం వదులు. రెండు వారాలకోసారి ఇస్త్రీకి తెచ్చేది. ఆమె వచ్చే రోజు మడత తల దువ్వుకోవడం అత్తయ్య చూసింది. చూసి ఊరుకుంది.

ఆ రోజు పొద్దున్నే జోరుగా వాన. నలభై ఒకటి పరుగెత్తుకుంటూ లోపలికొచ్చింది. జుట్టు చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"గొడుగు లేదా నలభై ఒకటి గారూ?" అన్నాడు మడత.

"ఉంది. ఆఫీసులో. వాన ఇక్కడ పడుతోంది." కోటు విప్పి బల్ల మీద పెట్టింది. "సాయంత్రానికి కావాలి. రేపు పొద్దున మా కంపెనీ పెద్దవాళ్ళ ముందు కూర్చోవాలి."

"ఈ కోటా? పిండితే బిందెడు నీళ్ళొచ్చేలా ఉంది."

"అందుకే మీ దగ్గరికి తెచ్చాను. పొడిగా ఉంటే నేనే వేసుకుని వెళ్ళిపోయేదాన్ని కదా."

నవ్వి మళ్ళీ వానలోకి పరుగెత్తింది. మడత ఆమె వెళ్ళిన వైపే చూస్తూ నిలబడ్డాడు. కోటు నీళ్ళు అతని చెప్పుల్లోకి కారాయి.

జేబులు చూడటం లాండ్రీలో మొదటి పని. దొరికింది ఏదైనా సరే, కవరులో పెట్టి, పిన్నుతో కోటుకి గుచ్చి, కవరు మీద "జేబులో దొరికినది. చదవలేదు" అని రాయాలి. ఇది మావయ్య పెట్టిన నియమం. కుర్రతనంలో ఆయన ఒకాయన కోటు జేబులో దొరికిన చీటీని సరుకుల జాబితా అనుకుని వాళ్ళింటి గుమ్మంలో నిలబడి పైకి చదివాడట. అది సరుకుల జాబితా కాదు. ఆ ఇంట్లో ఏడాదిపాటు పొయ్యి సరిగా వెలగలేదట. అప్పటినుంచి మావయ్య చదవడమే కాదు, మాట్లాడటం కూడా తగ్గించేశాడు.

కోటు లోపలి జేబులో నాలుగు మడతల కాగితం ఉంది. తడిసి ముద్దయింది. అలాగే కవరులో పెడితే సాయంత్రానికి అంటుకుపోయి చిరుగుతుంది. మడత ఆలోచించాడు. కాగితాన్ని మెల్లగా విప్పి, అక్షరాలు కనిపించకుండా బోర్లా వేసి, కళ్ళు పక్కకి తిప్పుకుని, పైన పల్చటి గుడ్డ కప్పి, ఇస్త్రీపెట్టె పెట్టాడు. పెళ్ళిబట్టలకి కూడా అంత జాగ్రత్త తీసుకోలేదు. కాగితం కొత్త చొక్కాలా నిలబడింది. బోర్లా ఉండగానే మడిచి కవరులో పెట్టి గుచ్చాడు.

సాయంత్రం ఐదున్నరకి ఆమె వచ్చింది. కోటు చూసి ముఖం వెలిగింది. కవరు చూసి ఇంకా వెలిగింది.

"అమ్మయ్య! ఇందులోనే ఉందా! పొద్దుట్నుంచీ ఆఫీసంతా తలకిందులు చేశాను." కవరు తీసి, కాగితం విప్పింది.

వెలుగు పోయింది.

"ఏం చేశారు?"

"ఇస్త్రీ చేశానండి."

"దీన్నా?"

"తడిసిపోయిందని..."

ఆమె కాగితం తిప్పి అతనికి చూపించింది. అచ్చు వేసిన గళ్ళు ఉన్నాయి. అడుగున మేనేజరు సంతకం ఉంది. కొంచెం అలుక్కుపోయిన గుండ్రటి ముద్ర ఉంది. గళ్ళల్లో మాత్రం ఒక్క అక్షరం లేదు.

మడత వంగి చూశాడు. "మీరు ఖాళీ ఫారం పెట్టుకున్నారేమో..."

"ఖాళీ ఫారం మీద సంతకం పెట్టడానికి మా మేనేజరుకి పిచ్చా? మొన్న రాత్రి కూర్చుని రాశాను, నిన్న ఆయన సంతకం పెట్టాడు. మూడు గళ్ళు, అంచుల దాకా!"

"ఏ పెన్నుతో?" మూల నుంచి మావయ్య అడిగాడు. ఆ రోజుకి ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

ఆమె సంచీలోంచి పెన్ను తీసింది. వెనక రబ్బరు ఉన్న రకం. రాసి, ఆ రబ్బరుతో రుద్దితే చెరిగిపోతుంది. మావయ్య దాంతో ఒక పాత చీటీ మీద గీత గీశాడు. దాని మీద ఇస్త్రీపెట్టె ఆనించి తీశాడు. గీత లేదు.

"రుద్దితే వేడి పుడుతుంది. ఆ వేడికే పోతుంది," అని మళ్ళీ తన పనిలో పడ్డాడు.

మడత ఇస్త్రీపెట్టెని దూరంగా జరిపాడు. "మరి అలాంటి పెన్నుతో ఎందుకు రాశారండీ?"

"ఎందుకా? ఎన్నిసార్లు మనసు మార్చుకుంటానోనని!" ఆమె అక్కడున్న బల్ల మీద కూలబడింది. "మేనేజరు మధ్యాహ్నం రైలెక్కి సెలవు మీద వెళ్ళిపోయాడు. వేరే ఫారం తెచ్చుకున్నా సంతకం ఎవరు పెడతారు? రేపు పదింటికి ఇవ్వాలి."

అత్తయ్య టీ తెచ్చి ఆమె చేతికిచ్చింది. "సంతకం ఉందిగా అమ్మా! ముద్రా ఉంది. పోయింది నువ్వు రాసిందే. మళ్ళీ రాయి. ఈసారి మామూలు పెన్నుతో రాయి."

నలభై ఒకటి అత్తయ్యని చూసింది. ఫారాన్ని చూసింది. మడతని చూసి, "మీరు నిజంగా చదవలేదా?" అంది.

"లేదండి."

"చదవకుండా ఎలా ఇస్త్రీ చేశారు?"

"బోర్లా వేసి. కళ్ళు పక్కకి పెట్టి."

ఆమెకి కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నవ్వే గెలిచింది. "ఊళ్ళో ఇంత నిజాయితీ నాకే దొరకాలా!"

మడతలు పెట్టే బల్ల మీద జాగా చేశారు. మడత తన పెన్ను ఇచ్చాడు. ఆమె ఫారం ముందు పెట్టుకుని పెన్ను కొరుకుతూ కూర్చుంది.

"రాయండి మరి. మొన్న రాసిందే రాయండి," అన్నాడు.

"అదే రాయాలంటే అదే మనసు ఉండాలి కదా."

సంగతి ఇది. గోడౌను కంపెనీ ప్రతి ఏడూ ఒకరిని ఎంబీఏ చదివిస్తుంది. ఈ ఏడు ఆమె వంతు. చదువు రెండు రకాలు. ఒకటి, ఇక్కడే బస్టాండు వెనక కాలేజీలో సాయంకాలం క్లాసులు, మూడేళ్ళు, ఉద్యోగం చేసుకుంటూనే. రెండోది, పన్నెండు గంటల రైలు దూరంలో ఉన్న ఊళ్ళో, హాస్టల్లో ఉండి రెండేళ్ళు. ఏదో ఒకటి ఎంచుకుని, ఎందుకో రాయాలి.

"అమ్మేమంటోంది?"

"ఇక్కడే ఉండమంటోంది. ఆఫీసువాళ్ళు ఏదైనా పర్వాలేదన్నారు. స్నేహితురాళ్ళు ఎక్కడ మంచి పేరుంటే అక్కడికి పొమ్మన్నారు. మీరు చెప్పండి."

"నేనా? నాకు ఎంబీఏ అంటే ఆ మూడు అక్షరాలే తెలుసు."

"నా ఫారం తుడిచేసింది మీరేగా. అనుభవించండి."

మడత తల గోక్కున్నాడు. "సరే. మీకేం నేర్చుకోవాలనుంది?"

ఆమె పెన్ను కింద పెట్టింది. గోడ మీద మట్టి గీత వంక చూసింది.

"వరదప్పుడు మా గోడౌను పై అంతస్తులో మందులు పెట్టెల కొద్దీ పొడిగా ఉన్నాయి. రెండు వీధుల అవతల ఆసుపత్రిలో లేవు. అమ్మ ఆ ఆసుపత్రిలోనే ఉంది, జ్వరంతో. తొమ్మిది రోజులండీ. పడవలున్నాయి, మనుషులున్నారు. ఏ పెట్టె ఎక్కడుందో, ముందు ఏది వెళ్ళాలో చెప్పేవాళ్ళు లేరు. నాకు అది నేర్చుకోవాలనుంది. ఉన్న వస్తువు కావాల్సినవాడికి వేళకి చేరేలా చెయ్యడం. ఆపరేషన్స్ అంటారు దాన్ని."

"మా మావయ్య చేసేదేగా అది."

"అంటే?"

అరలు చూపించాడు. లాండ్రీ అరలకి నంబర్లు లేవు, వారాలున్నాయి. బుధవారం ఇవ్వాల్సినవి బుధవారం అరలో పెడతారు. ఆ అర నిండిందంటే అంతే, ఎవరొచ్చి బతిమాలినా మావయ్య గురువారం రమ్మంటాడు. చెప్పిన రోజు తప్పడు. ఆ వీధిలో "రేపు రండి" అనని లాండ్రీ అదొక్కటే.

ఆమె లేచి అరల దగ్గరికెళ్ళి కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. "ఇదే! దీనికి పుస్తకాల్లో పెద్ద పేరుంది!"

"మేం బుధవారం అంటాం."

మూల నుంచి చిన్న దగ్గు వినిపించింది. మావయ్య నవ్వితే అలాగే దగ్గుతాడు.

"ఆ ఆపరేషన్స్ ఎక్కడ చెప్తారు?" అన్నాడు మడత.

"అక్కడే. దూరంగా. ఇక్కడ మార్కెటింగూ, ఫైనాన్సే."

మడత ఒక చొక్కా అందుకుని, మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. ఇక్కడే అనే మాట నోటిదాకా వచ్చింది. మూడేళ్ళు, బస్టాండు వెనక, రోజూ ఈ వీధిలోంచే వెళ్తుంది. మాట మింగేశాడు.

"అయితే అక్కడ అని రాయండి."

"అంత తేలిగ్గా చెప్పేశారేం! నేను వెళ్ళిపోతే మీకేం లేదా?"

"ఉంది," అన్నాడు చొక్కా వంక చూస్తూ. "ఆ గడి మీ ఫారంలో లేదుగా."

నలభై ఒకటి బుగ్గలు ఎర్రబడ్డాయి. తల వంచుకుని రాయడం మొదలెట్టింది. ఏం రాసిందో అతను చూడలేదు. కళ్ళు పక్కకి పెట్టడం అతనికి అలవాటేగా.

సీటు వచ్చింది. క్లాసులకి రెండు నెలలు ఉంది. ఆ రెండు నెలలూ ఆమె ప్రతి బుధవారం వచ్చింది. ఇస్త్రీకి ఏమీ లేకపోతే చేతిరుమాలు తెచ్చేది. అరలు చూసి నోటు పుస్తకంలో రాసుకునేది. మావయ్యని ప్రశ్నలడిగేది. ఆయన "ఊఁ", "ఉహుఁ" అని చెప్పిన జవాబుల్ని మడత విడమర్చి చెప్పేవాడు. ఆ మధ్యలో వాళ్ళిద్దరూ వాదించుకునేవాళ్ళు, దేని గురించో అత్తయ్యకి ఒక్కసారీ అర్థం కాలేదు. అర్థం కావాల్సింది మాత్రం అయింది.

వెళ్ళే రోజు స్టేషనుకి మడత కోటు తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆమె రైలు తలుపు దగ్గర నిలబడి, "ఏమైనా చెప్పాలా?" అంది.

చాలా ఉన్నాయి. అన్నీ ఒకేసారి గొంతులో అడ్డం పడ్డాయి. "గుండీ ఒకటి వదులైంది. కుట్టాను," అన్నాడు.

రైలు కదిలింది.

నెల తిరగకుండా పార్సిలొచ్చింది. లోపల బూడిదరంగు కోటు. పైన చీటీ: "ఉతికి, ఇస్త్రీ చేసి పంపగలరు. 41."

అత్తయ్య బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "అంత పెద్ద ఊళ్ళో లాండ్రీ లేదుటరా?"

"మంచిది దొరకలేదేమో అత్తయ్యా."

కోటుకి మాసిన జాడే లేదు. అయినా ఉతికాడు. లోపలి జేబులో నాలుగు మడతల కాగితం ఉంది. మడత దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. విప్పలేదు. కవరులో పెట్టి, పిన్ను గుచ్చి, అందంగా రాశాడు: "జేబులో దొరికినది. చదవలేదు." ఈసారి ఇస్త్రీ కూడా పెట్టలేదు. అంత జాగ్రత్త పడ్డందుకు తనని తనే మెచ్చుకున్నాడు.

రెండో నెల మళ్ళీ కోటు. మళ్ళీ కాగితం. మళ్ళీ కవరు. మూడో నెలా అంతే. నాలుగో నెల కాగితం కొంచెం లావుగా ఉంది. కవరు మీద "చదవలేదు" కింద గీత కూడా గీశాడు, ఆమెకి నమ్మకం కలగాలని.

ఐదో నెల పార్సిల్ రాలేదు.

మడత పోస్టు మనిషి కోసం గుమ్మంలో నిలబడటం మొదలెట్టాడు. పదిహేడు చొక్కా తొంభై మూడు సంచీలో పెట్టాడు. ఒక దుప్పటి మీద ఇస్త్రీపెట్టె మరిచిపోయి పొగ వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ ఉన్నాడు. అత్తయ్య అరిచింది. మావయ్య ఏమీ అనలేదు. దుప్పటికి అతుకు వేసి, వాళ్ళింటికి తనే వెళ్ళి చెప్పి వచ్చాడు.

ఆరో నెల వచ్చింది. కోటే. చీటీ లేదు. మడత లోపలి జేబు తడిమాడు. వేలు దూరలేదు. జేబు మూతి మీద దట్టంగా, కోపంగా, ఎర్ర దారంతో కుట్లు పడి ఉన్నాయి.

జేబు కుట్టేసింది!

పొద్దుట్నుంచీ ఆ కోటు చంకలో పెట్టుకుని తిరిగాడు. మధ్యాహ్నం అన్నాల వేళ మావయ్య ముందు పెట్టాడు.

"చూడు మావయ్యా."

మావయ్య కుట్లు చూశాడు. "ఇంతకుముందు ఏముండేది ఇందులో?"

"కాగితం."

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

"ఏముంది అందులో?"

"నాకెలా తెలుస్తుంది? కవరులో పెట్టి, 'చదవలేదు' అని రాసి, నాలుగోసారి కింద గీత కూడా గీసి పంపేశాను. చదవలేదు. నువ్వే చెప్పావుగా."

మావయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది. అత్తయ్య వంక చూశాడు. అత్తయ్య నోరు వెళ్ళబెట్టింది. అప్పుడు మావయ్య దగ్గలేదు. నవ్వాడు. వరద తర్వాత ఆయన నవ్వు బయటికి వినిపించడం అదే మొదటిసారి. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వి, తుడుచుకుని, అన్నాడు:

"ఒరేయ్, జేబులో మరిచిపోయింది చదవద్దన్నాను. జేబులో పెట్టి పంపింది కూడా చదవద్దని ఎప్పుడన్నానురా?"

మడత కోటు మీది ఎర్ర కుట్లు మళ్ళీ చూశాడు.

"పాపం ఆ పిల్ల!" అత్తయ్య నెత్తి కొట్టుకుంది. "నాలుగు ఉత్తరాలు రాస్తే నాలుగూ 'చదవలేదు' అని తిప్పి పంపాడు. కింద గీత కూడా గీశాడట! ఆ పిల్ల కాబట్టి జేబు కుట్టింది. నేనైతే నీ నోరు కుట్టేదాన్ని!"

"ఇప్పుడేం చెయ్యను మావయ్యా?"

మావయ్య చెయ్యి కడుక్కుని వచ్చి, కోటు లోపలికి తీసుకెళ్ళి, సాయంత్రానికి తెల్లగుడ్డలో చుట్టి తెచ్చాడు. ఆ ఊరికి పార్సిళ్ళు పోస్టులో వెళ్తాయి. ఇది మాత్రం ఆయన మడత చేతుల్లో పెట్టాడు.

"ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వాలి. వరదప్పుడు ఇచ్చినట్టు."

ఆ హాస్టల్లో వచ్చినవాళ్ళు కూర్చునే గది ఒకటి ఉంది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక రిజిస్టరు, రిజిస్టరు వెనక కళ్ళద్దాల పెద్దావిడ. పేరు రాసి, ఎవరి కోసం అన్నచోట మడత అలవాటు కొద్దీ 41 అని రాశాడు. పెద్దావిడ కొట్టేయించి మళ్ళీ రాయించింది.

నలభై ఒకటి వచ్చింది. గుమ్మంలోనే ఆగింది. అతన్నీ, చేతిలోని తెల్లగుడ్డ మూటనీ చూసింది.

"మీరే తెచ్చారా? పోస్టు మీద కూడా నమ్మకం పోయిందా?"

"నా మీద పోయింది."

"దేనికి?"

"నేను వెధవనండీ," అన్నాడు మడత. రైల్లో పన్నెండు గంటలు కూడబలుక్కున్న మాటలన్నీ పోయి అదొక్కటే మిగిలింది. "జేబులో దొరికింది చదవకూడదని మా నియమం. మీరు పెట్టారని నాకు తట్టలేదు. మరిచిపోయారనుకున్నాను."

"నాలుగుసార్లు మరిచిపోతానా?"

"మీరు గొడుగు కూడా మరిచిపోయేవాళ్ళు కదా..."

ఆమె పెదవి బిగించింది. నవ్వు ఆపుకోవడానికో, ఏడుపు ఆపుకోవడానికో తెలియలేదు. "నేనేమనుకున్నానో తెలుసా? మర్యాదగా వద్దంటున్నారనుకున్నాను. ఎంత మర్యాద! పిన్ను కూడా గుచ్చి మరీ! నాలుగోసారి గీత!"

"ఆ గీత నమ్మకం కోసం..."

"ఉండండి." లోపలికి పరుగెత్తి వెళ్ళి వచ్చింది. చేతిలో నాలుగు కవర్లు. పిన్నులు పిన్నులుగానే ఉన్నాయి. "తిరిగొచ్చాక ఒక్కటీ విప్పలేదు. విప్పడానికి మనసొప్పలేదు. ఇప్పుడు చదవండి. నా ముందే. బోర్లా పెట్టకుండా."

మొదటిది విప్పాడు. "ఇవాళ క్లాసులో పెద్ద ప్రొఫెసరు గంటసేపు చెప్పింది మీ బుధవారం అరే. నేను లేచి మీ మావయ్య గురించి చెప్పాను. ఆయన బోర్డు మీద గీయించారు. క్లాసంతా రాసుకున్నారు."

రెండోది: "ఈ కోటు మాసిపోలేదని మీకు తెలిసే ఉంటుంది. ఏం చెయ్యను? ఇస్త్రీకి ఇంకేం లేదు."

మూడోది నిదానంగా విప్పాడు. "అందరూ నా మేలే కోరారు. ఉండమన్నవాళ్ళూ, పేరు చూసుకోమన్నవాళ్ళూ కూడా. నీకేం నేర్చుకోవాలనుంది అని అడిగింది మీరొక్కరే. అడిగి, నేను వెళ్తే మీకు కష్టమని తెలిసీ వెళ్ళమన్నారు. నేను రోజూ క్లాసులో కూర్చునేటప్పుడు ఒకసారి అది తలుచుకుంటాను. ఈ మాట ఎదురుగా చెప్పలేక రైలెక్కాను. థాంక్స్."

నాలుగోది లావుగా ఉంది. రెండు కాగితాలు. ఒకటి ఖాళీది. రెండోదాని మీద ఇలా ఉంది: "మీ ఇస్త్రీపెట్టె కింద పోయిన ఫారంలో నేను 'ఇక్కడే' అని రాశాను. ఎందుకో రాయాల్సిన చోట అమ్మ గురించి రాశాను. సగం అబద్ధం. మిగతా సగం మీరు. ఆ అబద్ధంతోనే ఇక్కడ చదివి ఉంటే మూడేళ్ళూ మీ మీద కోపంగా ఉండేదాన్నేమో. అది చెరిపినందుకూ థాంక్సే. చదువు అయ్యాక మన ఊరు వస్తాను, గోడౌనుకే. రెండేళ్ళు ఆగుతారా? జవాబుకి కాగితం జత చేశాను. ఇదే జేబులో పెట్టండి."

మడత చదవడం అయింది. కాగితం మడవబోయాడు. జీవితంలో మొదటిసారి మడత సరిగా రాలేదు.

"జేబు కుట్టేశారు," అన్నాడు. "జవాబు ఎక్కడ పెట్టను?"

"నోటితో చెప్పకూడదని కూడా నియమం ఉందా?"

"మా లాండ్రీలో పై అరలో పదేళ్ళుగా ఎవరూ తీసుకెళ్ళని బట్టలున్నాయి. వాళ్ళు ఊళ్ళో ఉన్నారో లేరో తెలియదు. మావయ్య ఒక్కటీ ఇంకొకరికి ఇవ్వలేదు. వాన పడినప్పుడల్లా తీసి, ఆరబెట్టి, మళ్ళీ పెడతాం." ఊపిరి తీసుకున్నాడు. "రెండేళ్ళు ఒక లెక్కా?"

పెద్దావిడ రిజిస్టరు వెనక కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

నలభై ఒకటి మూట విప్పి కోటు వేసుకుంది. భుజాల దగ్గర ఇప్పుడు సరిపోయింది. మావయ్య ఎప్పుడు సరిచేశాడో మడతకే తెలియదు.

"ఇంకొకటి," అంది. "బస్టాండు వెనక కాలేజీలో వచ్చే ఏడాదికి ఆపరేషన్స్ కూడా పెడుతున్నారట. సాయంకాలం క్లాసులు. మీ మావయ్య మాట్లాడరు. ఆయన చేసేది ఎవరో ఒకరు నేర్చుకుని, రాసి పెట్టాలి కదా. మీరు చేరండి."

"నేనా? ఎంబీఏనా?"

"మీకేం నేర్చుకోవాలనుంది అని అడుగుతున్నాను. తొందర లేదు. ఫారం మాత్రం మార్కింగు సిరాతో నింపండి. మీరు దేని మీద ఇస్త్రీ పెడతారో చెప్పలేం."

సాయంత్రం రైలుకి ఆమె స్టేషను దాకా వచ్చింది. ఈసారి మడత గొంతుకి ఏదీ అడ్డం పడలేదు. రైలు కదిలాక కూడా తలుపు దగ్గర నిలబడి ఏదో చెబుతూనే ఉన్నాడు. సగం వినిపించలేదు. ఆమె అన్నింటికీ తలూపింది.

మర్నాడు పొద్దున్నే మడత ఊళ్ళో దిగాడు. బస్టాండు వెనక కాలేజీ తలుపులు తీసేదాకా మెట్ల మీద కూర్చుని, ఫారం ఒకటి తీసుకుని లాండ్రీకి వచ్చాడు. మావయ్య అప్పుడే ఇస్త్రీపెట్టె వేడికి పెడుతున్నాడు. ఏమైందని అడగలేదు. అత్తయ్య అడగబోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

మడత తన తెల్ల చొక్కా ఒకటి తీశాడు. మూడేళ్ళుగా ఊరందరి కాలర్ల మీదా నంబర్లు రాశాడు గానీ, తన చొక్కా మీద ఎప్పుడూ ఏమీ రాసుకోలేదు. కాలరు తిరగేసి బల్ల మీద పరిచాడు. మార్కింగు సిరా సీసా మూత తీశాడు. నిదానంగా, వంకర పోకుండా, 41 అని రాశాడు. ఆరేదాకా ఊదాడు. దాని మీద ఇస్త్రీపెట్టె పెట్టాడు.